ప్రీ-కమిట్ సమీక్ష: ఫోన్ నంబర్లను గిట్‌లోకి పోనివ్వని సొంత హుక్

నమస్కారం. తిరుపతి నుండి చేస్తున్న ఈ వీడియోలో, కోడ్‌లో చేసిన మార్పుల చరిత్రను దాచే గిట్‌లో కమిట్ (మార్పులను ఆ చరిత్రలో నమోదు చేయడం) పూర్తయ్యేలోపే ఫైళ్లను తనిఖీ చేసే ప్రీ-కమిట్ అనే సాధనాన్ని, అందులోనూ మన అవసరానికి మనమే రాసుకునే హుక్‌ను, అంటే ఆ సమయంలో తానంతట తానే నడిచే తనిఖీని, సమీక్షిస్తాను.

చిత్తూరు జిల్లాలోని ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తయారు చేస్తున్నామనుకుందాం. తోతాపురి సీజన్‌లో వచ్చిన తూకం చీటీలను పరీక్ష కోసం కామాలతో విడదీసిన సీఎస్‌వీ ఫైలుగా మార్చి రిపాజిటరీలో (గిట్ కాపాడే ప్రాజెక్టు ఫోల్డర్‌లో) పెడితే, ప్రతి వరుసలోనూ రైతు పేరు, తూకంతో పాటు ఫోన్ నంబరు కూడా వచ్చి చేరుతుంది. అది ఒకసారి పుష్ అయి అందరి సర్వర్‌కు చేరిందంటే, తర్వాత ఆ ఫైలును తీసేసినా పాత కమిట్లలో నంబరు అలాగే ఉండిపోతుంది. ఈ సాధనాన్ని తయారు చేసినవారే ఇచ్చే రెడీమేడ్ హుక్‌లలో ప్రైవేట్ కీని పట్టుకునేది ఉంది, 500 కిలోబైట్లు దాటిన కొత్త ఫైలును ఆపేది ఉంది గానీ, రైతు ఫోన్ నంబరును పట్టుకునేది మాత్రం లేదు.

గిట్‌లోని హుక్స్ ఫోల్డర్‌లో మామూలు స్క్రిప్టు పెట్టినా, అది సున్నా కాని కోడ్‌తో ముగిస్తే కమిట్ ఆగిపోతుంది. కాకపోతే రిపాజిటరీని క్లోన్ చేసుకున్నవారికి, అంటే తమ కంప్యూటర్‌లోకి నకలు తెచ్చుకున్నవారికి, ఆ స్క్రిప్టు రాదు. ప్రీ-కమిట్‌లో సెట్టింగులన్నీ రిపాజిటరీలోనే యామల్ అనే పద్ధతిలో రాసిన ఒక టెక్స్ట్ ఫైలులో ఉంటాయి కనుక, టీమ్‌లో ప్రతి ఒక్కరూ ఒక్కసారి ఇన్‌స్టాల్ ఆదేశం ఇస్తే సరిపోతుంది.

మన హుక్‌కు రెపో దగ్గర లోకల్ అని, లాంగ్వేజ్ దగ్గర పైగ్రెప్ (ఇచ్చిన నమూనాకు సరిపోయే వరుసలను ఫైళ్లలో వెతికేది) అని ఇచ్చి, 6 నుండి 9 లోపు అంకెతో మొదలయ్యే పదంకెల సంఖ్యను వెతికే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌ను, అంటే వెతకాల్సిన నమూనాను, ఎంట్రీలో రాయాలి. దానికి రెండు వైపులా పదం హద్దును సూచించే గుర్తు పెట్టకపోతే, పొడవాటి బిల్లు నంబరులోని ముక్కను కూడా ఫోన్ నంబరేనని పట్టుకుని ప్రాణం విసిగిస్తుంది. పైగా ఈ హుక్ మనం మార్చిన వరుసను మాత్రమే కాక ఫైలు మొత్తాన్నీ చూస్తుంది కాబట్టి, పాత ఫైలులో ఒక్క కామా సరిదిద్దినా అందులోని పాత నంబర్లన్నీ బయటపడి కమిట్ ఆగిపోతుంది. అందుకే మొదటి రోజే ఆల్ ఫైల్స్ ఆప్షన్‌తో ఒకసారి నడిపి, ఉన్న నంబర్లను మార్చేయడం మేలు.

వేగంలో వంక పెట్టడానికేమీ లేదు. అయితే కోడ్‌లోని చిన్న చిన్న భాగాలను పరీక్షించే యూనిట్ టెస్టుల వంటి బరువైన పనులను ఇక్కడ పెడితే, నో వెరిఫై ఆప్షన్‌తో హుక్‌నే దాటేసే అలవాటు టీమ్‌కు పట్టుకుంటుంది. వాటిని పుష్‌కు ముందు నడిచే ప్రీ-పుష్ దశకు జరపండి.

ఎలాగూ దాటేసే వీలుంది కాబట్టి ఇదే తనిఖీని, పుష్ అయిన కోడ్‌ను తానంతట తానే పరీక్షించే సీఐ సర్వర్‌లోనూ నడపాలి. నాకు నచ్చనిది అక్కడే ఉంది: పైగ్రెప్ తనకు దొరికిన వరుసను ఉన్నదున్నట్టుగా ముద్రిస్తుంది కనుక, మనం దాచాలనుకున్న నంబరు సీఐ లాగ్‌లోకి ఎక్కుతుంది. సీఐలో నడిపేటట్లయితే పైగ్రెప్‌ను పక్కనపెట్టి, ఫైలు పేరు, వరుస సంఖ్య మాత్రమే చూపే చిన్న పైథాన్ స్క్రిప్టును ఎంట్రీలో పెట్టుకోండి.