ఐదో రోజు పిండానికి ఐదో రోజు గర్భసంచి

అందరికీ నమస్కారం. ల్యాబ్‌లో తయారై ఫ్రీజ్ చేసిన పిండాన్ని గర్భసంచిలో పెట్టడం (ట్రాన్స్‌ఫర్) గురించి, అందుకు వాడే మందుల గురించి చెబుతాం.

ఫ్రీజ్ చేసిన పిండానికి వయసు పెరగదు. ఐదో రోజు పిండాన్ని, అంటే బ్లాస్టోసిస్ట్‌ను, ఫ్రీజ్ చేసి మూడేళ్ల తర్వాత బయటికి తీసినా అది ఐదో రోజు పిండమే. గర్భసంచి లోపలి పొరను కూడా సరిగ్గా ఆ వయసుకు తేవాలి. మందులన్నీ అందుకోసమే.

నెలసరి క్రమంగా వచ్చేవారికి సహజ సైకిల్, అంటే వారి సొంత నెలసరి చక్రమే, చాలు. అండం విడుదలైన చోట ఏర్పడే కార్పస్ లూటియమే, పొరను పిండానికి సిద్ధం చేసే ప్రొజెస్టరాన్ అనే హార్మోన్‌ను ఇస్తుంది. మనం తోడు మాత్రమే అందిస్తాం. కోల్‌కతాలో డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ నిల్వచేసిన పిండాన్ని తర్వాత వచ్చిన సహజ సైకిల్‌లోనే గర్భసంచిలో పెట్టారు. ఆ బిడ్డ 1978 అక్టోబర్‌లో పుట్టింది.

నెలసరి తప్పేవారికి, తేదీ ముందే ఖాయం కావాల్సినవారికి హార్మోన్ సైకిల్, అంటే పొరను మందులతోనే సిద్ధం చేయడం. నెలసరి రెండో రోజు నుంచి ఎస్ట్రాడియాల్ వాలరేట్ (ఎస్ట్రోజన్) 2 మి.గ్రా. మాత్ర, సాధారణంగా రోజుకు మూడు. 10 నుంచి 14 రోజుల తర్వాత స్కాన్‌లో పొర 7 మి.మీ. దాటి, మూడు గీతలుగా కనిపించాలి. మాత్రలు ఆలస్యంగా మొదలైతే అండాశయం ఈలోపు తన పని తాను చేసుకుపోయి అండం విడుదల కావచ్చు. అందుకే ప్రొజెస్టరాన్ మొదలుపెట్టే ముందు రక్తపరీక్ష చేయిస్తాం. అప్పటికే రక్తంలో ప్రొజెస్టరాన్ మిల్లీలీటరుకు 1.5 నానోగ్రాములు దాటి ఉంటే ఆ నెల ఆపేయడమే మంచిది. గతంలో రక్తం గడ్డకట్టిన జబ్బు ఉన్నవారు ముందే చెప్పాలి. ఎస్ట్రోజన్ మాత్రలు వారికి ప్రమాదం.

అసలు లెక్క ప్రొజెస్టరాన్‌తో మొదలవుతుంది. సోమవారం ఉదయం మొదటి డోసు పడితే బ్లాస్టోసిస్ట్ ట్రాన్స్‌ఫర్ శనివారం. మూడో రోజు పిండమైతే గురువారం. మొదటి డోసు పడిన రోజు, సమయం కాగితం మీద రాసుకోండి. ఒక్కరోజు తేడా వచ్చినా పిండానికీ పొరకూ పొంతన ఉండదు.

ఈ సైకిల్‌లో కార్పస్ లూటియం ఉండదు కాబట్టి బయటి నుంచి ఇచ్చేదే ఆధారం. యోనిలో పెట్టే మందు 400 మి.గ్రా. చొప్పున రోజుకు రెండుసార్లు. అది గర్భసంచికి నేరుగా చేరుతుంది గానీ, రక్తంలో స్థాయి కొందరిలో తక్కువగానే ఉంటుంది. తెల్లటి మైనంలాంటిది బయటికొస్తే మందంతా పోయిందని కంగారుపడి మళ్లీ పెట్టుకోవద్దు. నూనెలో కలిపిన ఇంజెక్షన్ రోజుకు 50 మి.గ్రా., పిరుదు పై బయటి భాగంలో లోతుగా. నొప్పి, గడ్డలు నిజమే. అయినా అమెరికాలో 2021లో వెలువడిన పెద్ద ట్రయల్‌లో యోని మందు ఒక్కటే వాడినవారిలో జీవజననాలు 27 శాతం, రోజూ ఇంజెక్షన్ తీసుకున్నవారిలో 44, యోని మందుకు మూడు రోజులకో ఇంజెక్షన్ కలిపినవారిలో 46. మా దృష్టిలో ఈ మూడోదే ఒళ్లు ఓర్చుకోగల పద్ధతి.

ట్రాన్స్‌ఫర్ సమయంలో రక్తంలో ప్రొజెస్టరాన్ మిల్లీలీటరుకు 10 నానోగ్రాముల కంటే తక్కువుంటే చాలా కేంద్రాలు ఇంజెక్షన్ జోడిస్తాయి. ప్రొజెస్టరాన్‌లా పనిచేసే డైడ్రోజెస్టరాన్ మాత్ర ఈ రక్తపరీక్షలో కనబడదు. కాబట్టి అదొక్కటే వాడేవారు ఆ అంకె చూసి బెంబేలు పడనక్కర్లేదు. ట్రాన్స్‌ఫర్ తర్వాత రోజంతా మంచం మీద పడుకోబెట్టడం వల్ల కూడా లాభం లేదు.

పరీక్ష పాజిటివ్ వచ్చాక కొద్దిగా రక్తం కనిపిస్తే భయంతో కొందరు మందులు మానేస్తారు. అది చేయకండి, ఫోన్ చేయండి. మాయ తనంతట తాను హార్మోన్లు ఇవ్వడం గర్భం ఏడు నుంచి తొమ్మిది వారాల మధ్య మొదలవుతుంది. అందుకే హార్మోన్ సైకిల్‌లో 10 నుంచి 12 వారాల వరకు కొనసాగిస్తాం. ఈ సైకిల్‌లో గర్భం దాల్చినవారిలో బీపీ పెరిగే ముప్పు కాస్త ఎక్కువ. మీ పురుడు చూసే డాక్టరుకు ఈ సంగతి తొలి విజిట్‌లోనే చెప్పండి.