కార్డిఫ్‌లో మా పాప వెల్ష్ బడి: ఫీజు సున్నా, అత్తయ్య గారి డౌట్లు వంద

హాయ్ అండీ, అందరూ ఎలా ఉన్నారు? అసలు ఈ వారం పెట్టాల్సింది ఇండియన్ స్టోర్ వీడియో, దొండకాయల రేటు చూపిస్తానని చెప్పాను కదా. కానీ మా అత్తయ్య గారు తణుకులో కనపడిన వాళ్ళందరితో "మా మనవరాలిని లండన్లో ఇంగ్లీషు లేని బడిలో వేశారు" అంటున్నారట, చుట్టాలందరూ వరుసగా ఫోన్లు. ముందు ఒకటి అత్తయ్య గారూ, ఇది లండన్ కాదు, కార్డిఫ్. లండన్ నుంచి రైల్లో దాదాపు రెండు గంటలు. ఇది బ్రిటన్‌లో భాగమైన వేల్స్ రాజధాని, వీళ్ళకి వెల్ష్ అని సొంత భాష ఉంది, రోడ్డు మీద బోర్డులన్నీ రెండు భాషల్లో ఉంటాయి, ఇదిగో ఇక్కడ చూడండి... అయ్యో వాన మొదలైంది, ఈ ఊళ్ళో కెమెరా బయటికి తీస్తే చాలు. పదండి, నడుస్తూ మాట్లాడుకుందాం.

మా పాపది వెల్ష్ మీడియం బడి. చిన్న తరగతుల్లో పాఠం, పాట, ఆట, అన్నీ వెల్ష్‌లోనే. ఇంగ్లీషుని ఒక సబ్జెక్టుగా మూడో క్లాసులో, అంటే ఏడేళ్ళు వచ్చాకే మొదలుపెడతారు. ఇదేదో పల్లెటూరి బడి కాదండి, దీని కోసం కావాలని అప్లై చేసుకునేవాళ్ళు బోలెడంత మంది. కార్డిఫ్‌లో ఇలాంటి బడికి పంపే తల్లిదండ్రుల్లో చాలామందికి వెల్ష్ ముక్క రాదు. అందుకే బడి నుంచి వచ్చే ప్రతి కాగితం రెండు భాషల్లో వస్తుంది. చిన్నపిల్లల అమ్మానాన్నలకి 'క్లబ్ కుచ్' అని ఎనిమిది వారాల క్లాసులు కూడా ఉన్నాయి, ఫ్రీ. ఇంగ్లీషు ఏమవుతుందని మాకూ మొదట్లో టెన్షనే. ఇప్పుడు నా ఇంగ్లీషు ఉచ్చారణని మా పాపే దిద్దుతోంది, ఇంకేం చెప్పను.

ఇక డబ్బుల సంగతి, మీరు కామెంట్లలో ఎలాగూ అడిగేదదే. గవర్నమెంటు బడి కాబట్టి ఫీజు సున్నా పౌండ్లు, పౌండుకి 115 రూపాయల చొప్పున గుణించినా సున్నానే! బడి ముద్ర ఉన్న స్వెటర్ 14 పౌండ్లు, అంటే 1,610 రూపాయలు, అదొక్కటే కొంచెం గుచ్చుకుంది. మధ్యాహ్నం భోజనం ఫ్రీ. హైదరాబాదులో మా మరిది వాళ్ళ బాబు ఎల్‌కేజీకి లక్ష పైన కట్టారు, అది గుర్తొచ్చినప్పుడల్లా ఇక్కడి వాన మీద కోపం కాస్త తగ్గుతుంది.

ఈ భోజనం వెనక ఒక కథ ఉంది, నాకు ఈ దేశంలో అన్నిటికన్నా వింతగా అనిపించింది అదే. 2021 ఎన్నికల్లో లేబర్ పార్టీకి ఇక్కడి అసెంబ్లీలో, సెనెథ్ అంటారు, 60 సీట్లకి సరిగ్గా 30 వచ్చాయి. సగమే కదా, అప్పుడు ముఖ్యమంత్రి లాంటి పదవిలో ఉన్న మార్క్ డ్రేక్‌ఫర్డ్, ప్రతిపక్షంలో ఉన్న ప్లైడ్ కమ్రి అనే వేల్స్ పార్టీ నాయకుడు ఆడమ్ ప్రైస్‌తో కూర్చుని ఒక ఒప్పందం రాసుకున్నారు. పొత్తు కాదు, ప్లైడ్ వాళ్ళకి ఒక్క మంత్రి పదవీ లేదు. 46 పనులు రాసుకుని ఇవి కలిసి చేద్దాం, మిగతావాటి మీద కొట్టుకుందాం అన్నారు! ప్రైమరీ పిల్లలందరికీ ఉచిత భోజనం అందులోనిదే, వెల్ష్ చదువు కోసం కొత్త చట్టం తేవడమూ అందులోనిదే. 2024 మేలో ప్లైడ్ వాళ్ళు గడువుకి ముందే ఒప్పందం వదిలేసి బయటికి వచ్చేశారు. మన దగ్గరైతే ఆ బిల్లు అక్కడితో అటకెక్కేది. ఇక్కడ అదే ఏడాది జులైలో సభలో పెట్టారు, డ్రేక్‌ఫర్డ్ ముఖ్యమంత్రి కుర్చీ దిగిపోయాక మళ్ళీ మంత్రిగా వచ్చి దాన్ని నడిపించారు, 2025 మేలో పాసైంది. 2050 నాటికి పది లక్షల మంది వెల్ష్ మాట్లాడాలన్నది అందులో లక్ష్యం, ఇంగ్లీషు మీడియం బడుల్లో కూడా చదువులో కనీసం పది శాతం వెల్ష్‌లో ఉండేలా చూస్తారు.

మన ఆంధ్రాలో చూడండి, 2024లో ప్రభుత్వం మారగానే పిల్లల స్కూల్ కిట్ పేరు 'విద్యాకానుక' నుంచి 'విద్యార్థి మిత్ర' అయింది. 2019లో సర్కారు బడులన్నీ ఇంగ్లీషు మీడియం అంటూ జీవో వచ్చింది, మరుసటి ఏడాది హైకోర్టు కొట్టేసింది, ఆ గొడవలో మా ఇంట్లోనే మామయ్య గారు ఒక వైపు, మా ఆయన ఒక వైపు, భోజనాల దగ్గర పెద్ద రగడ. ఇక్కడా అందరూ ఒక్కటే అనుకోకండి, పన్నుల డబ్బు దీనికెందుకని సణిగేవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు. అయినా బడుల్లో వెల్ష్ తప్పనిసరి సబ్జెక్టు కావడానికి దారి తీసిన 1988 చట్టం, 1993 నాటి వెల్ష్ భాషా చట్టం, రెండూ లండన్లో లేబర్‌కి ఎదురు పార్టీ అయిన కన్జర్వేటివ్ ప్రభుత్వాలు తెచ్చినవే. ఒకప్పుడు, అంటే 1800లలో, కొన్ని బడుల్లో వెల్ష్ మాట్లాడిన పిల్ల మెడలో చెక్క ముక్క వేలాడదీసేవాళ్ళు. అక్కడి నుంచి ఇక్కడికి వచ్చారు.

అలాగని నేనేమీ భజన చేయడం లేదు. 2011 జనాభా లెక్కల్లో వెల్ష్ వచ్చినవాళ్ళు 5,62,000, 2021లో 5,38,000, ఇంత ఖర్చు పెట్టినా తగ్గారు. సాయంత్రం బడి గేటు దగ్గర నిలబడితే నాకే అర్థమవుతుంది, లోపల వెల్ష్‌లో పాట పాడిన పిల్లలే గేటు దాటగానే ఇంగ్లీషులో కొట్టుకుంటూ వస్తారు. మాది మాత్రం నన్ను చూడగానే "అమ్మా, ఆకలి" అంటుంది, చుట్టూ అన్ని గొంతుల్లో ఆ ఒక్కటి వినడానికే కొన్ని రోజులు పావుగంట ముందే వెళ్ళి నిలబడతాను.

సరే, అత్తయ్య గారి చివరి డౌటు, దానికి తెలుగు చదవడం వస్తుందా అని. ఇంకా రాదండి. మాట్లాడుతుంది, అక్షరాలు పట్టలేదు. ఆదివారం తెలుగు క్లాసుకి టర్ముకి 90 పౌండ్లు, 10,350 రూపాయలు, పైగా పక్క ఊరు వెళ్ళాలి. దానికి ఏ పార్టీ ఒప్పందం రాసుకోదు కదా. అందుకని అత్తయ్య గారూ, రోజూ వాట్సాప్‌లో ఒక పావుగంట మీరే గుణింతాలు దిద్దించండి. ఇక్కడ బడి వదిలే మూడున్నరకి చలికాలంలో మీకు రాత్రి తొమ్మిది. సీరియల్ టైమే, తెలుసు, రేపు చూసుకోవచ్చు.