మొదటి కథే చివరి కథ: ఫ్లానరీ ఓకానర్

సభకు నమస్కారం.

అమెరికన్ కథారచయిత్రి ఫ్లానరీ ఓకానర్ మరణించిన ఏడేళ్లకు, 1971లో, ఆమె కథలన్నీ ఒకే సంపుటిగా వెలువడ్డాయి. 31 కథలున్న ఆ సంపుటికి మరుసటి ఏడు అమెరికాలో నేషనల్ బుక్ అవార్డు లభించింది. అందులో మొదటిదైన ‘ద జిరేనియం’నూ, చివరిదైన ‘జడ్జ్‌మెంట్ డే’నూ వెంటవెంటనే చదివితే ఆమె పద్దెనిమిదేళ్ల సాధన ఏమిటో బోధపడుతుంది. ఆ రెండింటికీ మూలకథ ఒక్కటే.

ఆమె 1925 మార్చి 25న జార్జియా రాష్ట్రంలోని సవానాలో, ఒక క్యాథలిక్ కుటుంబంలో జన్మించారు. 1941లో తండ్రి లూపస్ వ్యాధితో మరణించేనాటికి ఆమెకు పదిహేనేళ్లు. అయోవా విశ్వవిద్యాలయంలో రచనాశిక్షణ పొందుతున్న కాలంలోనే, 1946లో, ‘ద జిరేనియం’ అచ్చయింది. రచయిత్రిగా నిలదొక్కుకుంటున్న దశలో, 1950 చివర, తండ్రిని బలిగొన్న వ్యాధే ఆమెనూ పట్టుకుంది. శరీరాన్ని కాపాడవలసిన రక్షణ వ్యవస్థే శరీరంపై దాడి చేసే జబ్బు అది. ఆ తరువాతి జీవితమంతా మిల్లెజ్‌విల్ పట్టణం దగ్గర ‘ఆండలూసియా’ అనే పాడిపశువుల క్షేత్రంలో, తల్లి సంరక్షణలో, తాను ఇష్టంగా పెంచుకున్న నెమళ్ల మధ్య గడిచింది. ఓపిక ఉన్న ఉదయపు గంటలను రాతకే కేటాయించి, చంకకర్రలతో నడవవలసి వచ్చిన తరువాత కూడా ఆమె ఆ నియమాన్ని తప్పలేదు.

ఇక ఆ రెండు కథలు. మొదటిదానిలో, న్యూయార్క్‌లోని కూతురి ఇంట చేరిన డడ్లీ అనే దక్షిణాది ముసలాయన ఎదుటి కిటికీలోని జిరేనియం పూలమొక్క కుండీని చూస్తూ సొంత ఊరిని తలచుకుంటాడు. మెట్ల మీద తనకు చేయూతనిచ్చిన నల్లజాతి పొరుగువాడి ఆదరణే ఆయనకు భరించరాని అవమానమవుతుంది. కుండీ కిందపడి పగలడంతో కథ ముగుస్తుంది. చక్కని కథే, కాని ముసలాయన దుఃఖాన్ని ఆ మొక్కే మోయవలసి వచ్చింది.

‘జడ్జ్‌మెంట్ డే’లో మొక్క లేదు. ఇక్కడి టానర్, చచ్చినా బతికినా జార్జియాకే చేరాలని పట్టుబట్టి, తన శవాన్ని ఎవరికి పంపాలో కాగితం మీద రాసి జేబులో పెట్టుకుని బయలుదేరి, మెట్ల మీదే ప్రాణం విడుస్తాడు. ఇచ్చిన మాట తప్పి న్యూయార్క్‌లోనే పాతిపెట్టిన కూతురు, నిద్ర పట్టక, శవాన్ని తవ్వితీయించి ఊరికి పంపుతుంది. తొలి కథలోని బెంగ ఇక్కడ సంకల్పంగా మారింది. 1964లో శస్త్రచికిత్స తరువాత వ్యాధి తిరగబెట్టగా, చావు దగ్గరపడిందని తెలిసిన మనిషి ఈ కథకు తుదిమెరుగులు దిద్దారు. ఆ ఆగస్టు 3న, 39 ఏళ్ల వయసులో, ఆమె కన్నుమూశారు.

ఒక చేదు నిజాన్ని ఇక్కడ దాటవేయలేను. ఆమె ఉత్తరాలలో నల్లజాతివారిని కించపరిచే మాటలున్నాయి. ఆ కారణంగానే మేరీలాండ్‌లోని లయోలా విశ్వవిద్యాలయం 2020లో ఒక వసతిగృహానికి ఆమె పేరు తొలగించింది. అయినా తెల్లవారి ఆధిక్యభావం ఎంత డొల్లదో ఆమె కథలు నిర్దాక్షిణ్యంగా చూపుతాయి. నల్లవాడి కింద పనిచేయడం ఇష్టం లేకనే టానర్ ఊరు విడిచాడు, ఆ పంతానికి తరువాత తానే కుమిలిపోయాడు. ఉత్తరాలను కథలతో కప్పిపుచ్చడమూ, ఉత్తరాల పేరిట కథలను పక్కన పెట్టడమూ నాకు సమ్మతం కావు. ఆమెను కొత్తగా చదవబోయే వారు ఈ రెండు కథలతోనే, రాసిన వరుసలోనే, మొదలుపెట్టాలని నా మనవి.