అంతరాయానికి చింతిస్తున్నాం: పిండి వ్యాపారం, దూరదర్శన్ రోజులు, కేబుల్ అబ్బాయి

ఆడపడుచు: అందరికీ నమస్కారం. ముందే చెప్పేస్తున్నా, వెనకాల గుర్రుమని వినిపిస్తున్నది మైకు లోపం కాదు. మా వదిన గ్రైండరు. కాసేపు ఆపమంటే ఆపనంది.

వదిన: ఎలా ఆపుతానమ్మా? పప్పు సగం నలిగాక ఆపితే పిండి ఒదగదు. నువ్వు హైదరాబాద్ నుంచి వచ్చావని మినప్పప్పుకి తెలియదుగా.

ఆడపడుచు: కొత్తగా వింటున్నవాళ్ళ కోసం చిన్న పరిచయం. మా వదిన గుంటూరులో ఇడ్లీ పిండి, దోసె పిండి రుబ్బి ప్యాకెట్లు చేసి అమ్ముతుంది. బ్రాడీపేట చుట్టుపక్కల కిరాణా కొట్లకి వేస్తుంది, కొన్ని అపార్ట్‌మెంట్లకి వాట్సాప్‌లో ఆర్డర్లు తీసుకుంటుంది. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే ఫౌండర్ అండ్ సీఈఓ.

వదిన: అపార్ట్‌మెంట్ పిల్లలైతే ‘పిండి ఆంటీ’ అంటారు. నాకదే బాగుంది. బ్రాండ్ అంటే అదేగా! తెల్ల గౌను వేసుకుని గిర్రున తిరిగే పాపని చూసి నిర్మా కొన్నవాళ్ళం మనం. పాప పేరు ఎవరికి తెలుసు?

ఆడపడుచు: నిర్మా అనే పేరు వెనక కథ మాత్రం నాకు తెలుసు. అహ్మదాబాద్‌లో కర్సన్‌భాయ్ పటేల్ అని, గుజరాత్ ప్రభుత్వంలో కెమిస్టు ఉద్యోగం చేసుకుంటూనే 1969లో ఇంటి పెరట్లో సబ్బుపొడి కలిపి, సైకిలు మీద ఇల్లిల్లూ తిరిగి అమ్మాడు. కూతురు నిరుపమ పేరు మీద నిర్మా అని పెట్టాడు.

వదిన: నాకు ఆయనకంటే చిక్ షాంపూ ఆయన దగ్గర. కడలూరు రంగనాథన్. 1983లో పదిహేను వేలతో మొదలుపెట్టాడట. సీసా కొనలేనివాళ్ళకి సాచెట్ అమ్మాడు. ఖాళీ సాచెట్లు తిరిగిస్తే కొత్తది ఉచితం అని స్కీము పెట్టాడు. మా ఊళ్ళో పిల్లలం రోడ్ల మీద ఖాళీ సాచెట్లు ఏరేవాళ్ళం. ఇప్పుడు నేను పావుకిలో ప్యాకెట్ వేస్తున్నానే, ఆ ఆలోచన అక్కడిదే. గుంటూరు నిండా కోచింగ్ పిల్లలు, రూముల్లో ఉండేవాళ్ళు. వాళ్ళకి కిలో పిండి ఏం చేసుకోను?

ఆడపడుచు: చూశారా, మా వదిన ఎంబీఏ టీవీ యాడ్స్‌లోనే అయిపోయింది. సరే, అసలు టీవీ దగ్గరికి వద్దాం. నీ చిన్నప్పుడు అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో టీవీ కథ ఒకటి చెబుతుంటావే.

వదిన: తెనాలి దగ్గర పల్లె అది. మా బజారు మొత్తానికి ఒక్కటే టీవీ. బ్లాక్ అండ్ వైట్. ముందు చెక్క తలుపులు, వాటికి తాళం. తాళంచెవి ఆ ఇంటి తాతగారి మొలతాడుకి ఉండేది. శుక్రవారం సాయంత్రం సినిమా పాటల చిత్రలహరికి, ఆదివారం రామాయణానికి తలుపులు తీసేవాడు. టిక్కెట్టు పెట్టాడు తెలుసా? కింద కూచుంటే పావలా, నవారు మంచం మీదైతే అర్ధరూపాయి.

ఆడపడుచు: (నవ్వు) ప్రీమియం సీటింగ్!

వదిన: నవ్వకు. ఆయనా వ్యాపారస్తుడే. తెర మీద రంగుల ప్లాస్టిక్ షీటు ఒకటి బిగించాడు, పైన నీలం, మధ్యలో ఎరుపు, కింద పచ్చ. దాంతో కలర్ టీవీ అని చెప్పి రేటు పెంచబోయాడు. హీరోయిన్ తల నీలం, కాళ్ళు పచ్చ. పడుకున్న సీనొస్తే మనిషంతా పచ్చ.

ఆడపడుచు: రామాయణం 1987 జనవరిలో మొదలైంది కదా. అదంతా హిందీ. మీకు అర్థమయ్యేదా?

వదిన: ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. రాముడి కథ మాకు కొత్తా ఏంటి? టీవీలో వాళ్ళకంటే ముందే మా అమ్మమ్మ డైలాగు చెప్పేసేది. హనుమంతుడు రాగానే కొబ్బరికాయ కొట్టేవాళ్ళు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయేది.

ఆడపడుచు: పావలా వాపసు ఇచ్చేవాడా?

వదిన: వాపసు మాట ఎత్తితే కర్ర తీసేవాడు. కానీ ఆ ఇంటి బామ్మగారు ఉంది చూడూ, కరెంటు పోగానే అందరికీ మజ్జిగ పోసేది. గ్లాసు తాగేసరికి కోపం పోయేది, వచ్చే వారం మళ్ళీ పావలా పట్టుకుని వెళ్ళేవాళ్ళం. ఆ వ్యాపారం నడిపింది ఆయన కాదు, ఆవిడ.

ఆడపడుచు: ఈ ఎపిసోడ్ కోసం నేనూ కొంచెం చదివానులే. మన రాష్ట్రంలో పల్లెలకి టీవీ రావడం అంతకంటే పాత కథ. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు ‘సైట్’ అని ఒక ప్రయోగం చేశారు. అమెరికా వాళ్ళ ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని వాడుకుని 6 రాష్ట్రాల్లో దాదాపు 2,400 పల్లెలకి కార్యక్రమాలు చూపించారు. అందులో ఆంధ్రప్రదేశ్ ఉంది. హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977లో వచ్చింది.

వదిన: మరి ఏడాదయ్యాక ఆ పల్లెల్లో?

ఆడపడుచు: ఉపగ్రహం వాళ్ళది కదా, వెనక్కి తీసుకున్నారు.

వదిన: ఓహో, ఫ్రీ ట్రయల్ అన్నమాట. అప్పటినుంచే ఉందా ఈ పద్ధతి!

ఆడపడుచు: వదినా, ఆ బోర్డు కథ చెప్పు. ‘అంతరాయానికి చింతిస్తున్నాం.’

వదిన: అదా! దూరదర్శన్‌లో ప్రసారం ఆగినప్పుడల్లా ఆ అక్షరాలు వచ్చేవి కదా. కారణం చెప్పరు, ఎప్పుడొస్తుందో చెప్పరు. చింతిస్తున్నాం అంటే చాలు, మనం కూర్చునేవాళ్ళం. మొన్న వేసవిలో తెల్లవారుజామున నా గ్రైండరు బెల్టు తెగింది. అది బాగుచేసే మెకానిక్ పది దాటితేగాని షాపు తీయడు. ఆదివారం పొద్దున. అన్ని ఇళ్ళలో దోసెలకి రెడీగా ఉంటారు. ఏం రాయాలో తెలీక గ్రూపులో ‘అంతరాయానికి చింతిస్తున్నాం’ అని ఒక్క ముక్క పెట్టి ఫోను పక్కన పడేశా.

ఆడపడుచు: తిట్టారా?

వదిన: ఒక్కరు తిట్టలేదు! గంట తర్వాత చూస్తే గ్రూపు నిండా చిత్రలహరి కబుర్లు. ఒకావిడ యాంటెన్నా తిప్పడానికి డాబా ఎక్కి కిందపడ్డ సంగతి రాసింది. ఇంకొకాయన రిటైర్డ్ లెక్చరరు, ఇంత పొడుగు మెసేజ్ పెట్టాడు. పిండి సంగతి ఎవరికీ గుర్తు లేదు. అందరూ ఉప్మా చేసుకున్నారు.

ఆడపడుచు: పాతికేళ్ళ లోపు వాళ్ళు?

వదిన: వాళ్ళు ‘ఆంటీ వాట్ ఈజ్ దిస్’ అని పెట్టారు. ఒకమ్మాయి ‘రీఫండ్?’ అంది. ఆ అమ్మాయికి మజ్జిగ పోయలేంగా, డబ్బులు వెనక్కి వేశా.

ఆడపడుచు: మా తరానికి దూరదర్శన్ తక్కువ, కేబులే ఎక్కువ. 1995లో ఈటీవీ, జెమినీ వచ్చాక ఇంట్లో ఇక దూరదర్శన్ పెట్టింది లేదు. పొద్దున్నే ఈటీవీలో అన్నదాత. నాన్న దాన్ని భక్తితో చూసేవారు. ఒకరోజు పుట్టగొడుగుల పెంపకం చూశారు. అంతే. వరిగడ్డి ఉడకబెట్టి, పాలిథిన్ కవర్లలో కుక్కి, వెనక గదిలో వేలాడదీశారు.

వదిన: ఈ కథ నాకు ఎవరూ చెప్పలేదే! మొలిచాయా?

ఆడపడుచు: బ్రహ్మాండంగా మొలిచాయి. అసలు సమస్య అక్కడే వచ్చింది. అమ్మ వండనంది. నాయనమ్మ గుమ్మం దాటి లోపలికి రానివ్వలేదు. పక్కింటివాళ్ళకి ఇస్తే మొహమాటానికి తీసుకుని పారేశారు. అప్పట్లో మా వీధిలో పుట్టగొడుగులు తినేవాళ్ళు ఎవరున్నారు? మేం స్టార్టప్‌లలో ‘ప్రోడక్ట్ ఉంది, మార్కెట్ లేదు’ అని పెద్ద పెద్ద స్లైడ్లు వేస్తాం. నేను దాన్ని మా వెనక గదిలో వాసనతో సహా చూశాను.

వదిన: ఇప్పుడు ఆ పని యూట్యూబ్ చేస్తోంది. ‘ఇంట్లో కూర్చుని నెలకి లక్ష’ అని థంబ్‌నెయిల్. ఆవిడెవరో నోట్ల కట్ట పట్టుకుని నవ్వుతుంటుంది. నేను ఇంట్లో కూర్చున్నదెప్పుడు? స్కూటీ మీదే బతుకు.

ఆడపడుచు: మాకు వ్యాపారం అంటే ఆదివారం రాత్రి ‘అమృతం’. 2001 నుంచి 2007 దాకా జెమినీలో వచ్చింది. ఇద్దరు ఫ్రెండ్స్, ఒక హోటలు, నెత్తిమీద ఇంటి ఓనరు అప్పాజీ. గుండు హనుమంతరావు గారు ఆంజనేయులుగా ఎంత నవ్వించేవారో! అమృతం వేషం వేసిన నటులు మారారు గానీ ఆయన మారలేదు.

వదిన: నేనూ చూశా, కానీ నాకు నవ్వుకంటే టెన్షన్ ఎక్కువ వచ్చేది. ప్రతివారం కొత్త ఐడియా! ఒక్క వారమైనా కూర్చుని లెక్క రాసుకున్నారా? సాంబారు బాగుందా అని ఒక్క కస్టమర్ని అడిగారా?

ఆడపడుచు: అది కామెడీ వదినా!

వదిన: వాళ్ళకి కామెడీ. అద్దె కట్టేవాళ్ళకి కాదు. నాకు నచ్చిన వ్యాపారస్తుడు ఎవరో చెప్పనా? మా వీధి కేబుల్ అబ్బాయి.

ఆడపడుచు: సీరియస్‌గా?

వదిన: సీరియస్‌గానే. ఇరవై ఏళ్ళ కుర్రాడు, అప్పు చేసి డిష్ కొన్నాడు. కొబ్బరిచెట్టు నుంచి మేడకి, మేడ నుంచి కరెంటు స్తంభానికి వైరు లాగాడు. తనకో సొంత ఛానెల్, మధ్యాహ్నం అందులో ఒక సినిమా. ఆ సినిమా ఎక్కడిది అని నన్నడక్కు. కింద అక్షరాలు పరిగెడుతుండేవి: ఫలానా బట్టల షాపులో తగ్గింపు, ఫలానా పాపకి పుట్టినరోజు శుభాకాంక్షలు. ఆ ఒక్క లైనుకి నాన్నలు డబ్బులిచ్చేవాళ్ళు.

ఆడపడుచు: నా పేరు కూడా వచ్చింది! స్పెల్లింగ్ తప్పుగా.

వదిన: అందరిదీ తప్పే వచ్చేది. కానీ చూడు, సీరియల్ టైములో బొమ్మ పోతే ఆడవాళ్ళు వాళ్ళింటికి వెళ్ళి కేకలేసేవాళ్ళు. వానలో టవలు నెత్తిన వేసుకుని డాబా ఎక్కేవాడు పాపం. ఒకటో తారీఖు తనే వచ్చేవాడు డబ్బులకి. ఆ నెల తిట్లన్నీ విని, చిల్లర ఇచ్చి, కొత్త ఛానెల్ వేశానక్కా అని చెప్పి పోయేవాడు. కస్టమర్ తిట్టడానికి మనిషి అందుబాటులో ఉండాలమ్మా. ఇప్పుడు నా నెట్ పోతే ఎవర్ని తిట్టను? తెలుగు కోసం రెండు నొక్కండి అంటుంది. నొక్కితే మళ్ళీ మొదటికొస్తుంది.

ఆడపడుచు: నిన్ను తిడతారా అలా?

వదిన: కరువు లేదు. పుల్లగా ఉందని ఒకరు, పులవలేదని ఇంకొకరు, అదే రోజు, అదే గ్రైండరు పిండికి. ఎండాకాలం ఐసు నీళ్ళు పోసి రుబ్బినా గుంటూరు ఎండకి ప్యాకెట్ మధ్యాహ్నానికల్లా బంతిలా ఉబ్బుతుంది. అలా ఒక కొట్లో మాత్రం రోజూ నా ప్యాకెట్లే పాడయ్యేవి. పప్పు మార్చా, నీళ్ళు మార్చా, కవరు మార్చా. ఒకరోజు రాత్రి మందుల షాపుకి వెళ్తూ అటు చూస్తే, ఆ కొట్టాయన షట్టరు దించే ముందు ఫ్రిజ్ స్విచ్ ఆపేస్తున్నాడు!

ఆడపడుచు: కరెంటు బిల్లు కోసమా?

వదిన: అవును. అడిగితే ‘రాత్రి ఎవరు తాగుతారమ్మా కూల్‌డ్రింకులు’ అన్నాడు. నా పిండి సంగతి? పోనీ బిల్లు మీద చూసుకుందామంటే, టీవీలో గుండాయన యాడ్ లేదూ, డబ్బులు ఊరికే రావు అంటాడే, అచ్చం అలాగే చెయ్యి ఊపుతూ నాకే చెబుతాడు, వారం రోజుల బాకీ పెట్టుకుని.

ఆడపడుచు: (నవ్వు) మరి మానేశావా ఆ కొట్టు?

వదిన: మానేస్తే ఎలా? సెంటర్లో ఉంది. రాత్రి తొమ్మిదింటికి మిగిలిన ప్యాకెట్లు వెనక్కి తెచ్చుకోవడం మొదలుపెట్టా. పులిసిన పిండంతా పునుగుల బండాయనకి సగం రేటుకి ఇస్తా. ఆయనకి పుల్లటి పిండే కావాలి, తాజాది ఇస్తే వద్దంటాడు. ఒక్కోసారి ఈయనకి సరిపడా మిగలదు, అప్పుడు ఈయనా తిడతాడు.

ఆడపడుచు: సరే వదినా, నేను వచ్చిన పని చెప్పేస్తా. హైదరాబాద్ నిజాంపేటలో మా గేటెడ్ కమ్యూనిటీలో మన గుంటూరు, కృష్ణా వాళ్ళు బోలెడుమంది. అక్కడ ఒక బ్రాంచి పెడదాం. ఇంకో గ్రైండరు కొను. లోగో, రీల్స్, డెలివరీ యాప్ అన్నీ నేను చూసుకుంటా.

వదిన: అక్కడ పిండి పుల్లగా ఉంటే ఎవరింటికి వెళ్ళి తిడతారు?

ఆడపడుచు: మా ఇంటికే.

వదిన: నువ్వు తలుపు తీస్తావా?

ఆడపడుచు: చాట్ సపోర్ట్ పెడదాం...

వదిన: చూశావా! తెల్లవారుజామున నాలుగింటికి లేచి పప్పు కడుగుతావా?

ఆడపడుచు: నా యూఎస్ కాల్స్ అయ్యేసరికే రెండవుతుంది. అప్పుడు పడుకోకుండా కడిగేస్తా.

వదిన: ముందు ఈ వారం మా ఇంట్లో ఉన్నన్నాళ్ళు కడుగు, తర్వాత చూద్దాం.

ఆడపడుచు: అంటే రెండో గ్రైండరుకి ఓకేనా?

వదిన: నేను ఓకే అనలేదు. మీ వీధి కేబుల్ అబ్బాయి కథలుంటే పంపమని చెప్పి ఇది ఆపెయ్. పునుగుల బండాయన వచ్చినట్టున్నాడు, గిన్నె ఇవ్వాలి.