పాత బల్ల వేలం పాడే ముందు ఒకసారి కింద దూరి చూడండి

నమస్కారమండి. మనం ఇప్పుడు అంబాజీపేట దగ్గర మా పెద్దమ్మగారి మండువా లోగిలిలో ఉన్నాం. వసారాలో దుప్పటి మీద బోర్లా పడుకోబెట్టిన ఈ గుండ్రబల్ల చూశారా? ఈరోజు దీన్నే చదవబోతున్నాం. ఒకటే స్తంభం, దాని కింద మూడు పాదాలు, మూడడుగుల పలక. దీన్ని నేను ఒక వేలంలో పాడి తెచ్చుకున్నాను. పట్టికలో "పాతకాలపు బర్మా టేకు బల్ల" అని ఒక్క ముక్క రాశారు. ఇంటికి తెచ్చి తిరగేశాక తెలిసింది, పలక ఒక బల్లది, స్తంభం ఇంకో బల్లది. రెండు రోజులు అన్నం సయించలేదండి. డబ్బు పోయిందన్న బాధ కొంతైతే, సరుకు చూపించిన రోజున నేను వంగి చూడలేదన్న బాధ ఎక్కువ. ఆ పొరపాటు మీకు జరగకూడదనే ఈ వీడియో.

వేలం మనకి కొత్త కాదు. గుడి చెరువులో చేపలు, దేవుడి మాన్యం కౌలు, కొబ్బరితోట ఫలసాయం, అన్నీ పాటలోనే పోతాయి. "ఒకటోసారి, రెండోసారి" అన్న కేక చిన్నప్పటి నుంచి వింటున్నాం. అయితే చెరువు పాడేవాడికి ఆ చెరువు పుట్టుపూర్వోత్తరాలు తెలుసు. పాత బల్ల ఎవరింట్లో ఉండేదో, ఎన్ని చేతులు మారిందో పాడేవాళ్ళకి తెలియదు. దాని గురించి మనకి నిజం చెప్పేది ఆ చెక్కే.

ముందు, కథల సంగతి. మన డెల్టాలో పాత టేకు సామాను ఎక్కువే ఉంది, దానికి కారణం కూడా ఉంది. 1847లో మొదలై 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలవల కింద వరి పండింది, ఇళ్ళల్లోకి డబ్బు వచ్చింది. కోరంగి, కాకినాడ రేవుల నుంచి రంగూన్‌కి రాకపోకలుండేవి, మనవాళ్ళు వేలమంది బర్మాకి పనికి వెళ్ళారు, అటు నుంచి టేకు ఇటు వచ్చింది. పందిరి మంచాలు, ఉయ్యాల బల్లలు, భోషాణాలు, పడక కుర్చీలు ఆ చెక్కతో చేయించుకున్నారు. కాబట్టి "బర్మా టేకు" అన్న మాట నిజమే కావచ్చు. కానీ "ఇది పాలకొల్లు డచ్చివాళ్ళ బల్ల" అంటే మాత్రం ఆగండి. డచ్చివాళ్ళు ఈ తీరంలోని తమ స్థావరాలన్నీ 1825లో ఇంగ్లీషువాళ్ళకి అప్పగించి వెళ్ళిపోయారు. అంటే ఆ బల్లకి రెండొందల ఏళ్ళుండాలి. యానాం ఫ్రెంచివాళ్ళ చేతిలో 1954 దాకా ఉంది కాబట్టి "యానాం దొరగారి బల్ల" అంటే కాస్త నమ్మబుద్ధేస్తుంది. అయినా రాతలో రుజువు లేకపోతే కథకి ఒక్క రూపాయి కూడా ఎక్కువ పాడకండి.

సరే, తమ్ముడూ, కెమెరా దగ్గరికి పట్టు. ఇదిగో టేపు. చెక్కలో గీతలు ఇటు నుంచి అటు పోతున్నాయి కదా, ఆ గీతల వెంట కొలుస్తున్నాను: 36 అంగుళాలు. ఇప్పుడు గీతలకి అడ్డంగా: 35 ముప్పావు. పావంగుళం తగ్గింది. చెక్క ఏళ్ళ తరబడి ఆరుతూ అడ్డంగా కుంచించుకుపోతుంది, పొడుగునా దాదాపు కదలదు. అందుకే గుండ్రంగా కోసిన పలక కాలం గడిచేకొద్దీ కోడిగుడ్డులా కొంచెం సాగినట్టు అవుతుంది. టేకు మిగతా చెక్కలకంటే తక్కువ కుంచించుకుంటుంది కాబట్టి తేడా ఇంత చిన్నగానే ఉంటుంది. నూటయాభై ఏళ్ళ బల్ల అని చెప్పి, రెండు వైపులా వెంట్రుకవాసి తేడా లేకుండా ఉంటే నాకు అనుమానం వస్తుంది. దీని పలక ఈ పరీక్ష నెగ్గింది. పలక పాతదే.

ఇప్పుడు స్తంభం పలకని పట్టుకునే చోటు. ఇక్కడ ఈ చెక్క దిమ్మ చూడండి, ఏడంగుళాల చదరం. దాని చుట్టూ ఇంకో పెద్ద చదరం నీడలా లేతగా కనిపిస్తోందా? టార్చి పక్క నుంచి వేస్తాను, అప్పుడు బాగా తెలుస్తుంది. అది తొమ్మిదంగుళాలు. మొదట ఇక్కడ తొమ్మిదంగుళాల దిమ్మ ఎన్నో ఏళ్ళు కూర్చుంది. దాని కింద చెక్కకి గాలి, వెలుతురు తగలలేదు కాబట్టి లేతగా మిగిలింది, చుట్టూ ఉన్నది నల్లబడింది. ఆ దిమ్మ పోయి ఈ చిన్నది వచ్చింది. ఆ నీడ అంచుల్లో నాలుగు పాత బెజ్జాలు మైనంతో పూడ్చారు, గోటితో గీరితే తెలుస్తోంది. ఇప్పుడున్న స్క్రూలు ప్లస్ తలవి. ఆ రకం 1930ల్లో వచ్చింది. ఒక స్క్రూ మారితే అది మామూలు మరమ్మతు. దిమ్మ మారి, బెజ్జాలు మారి, పైగా పూడ్చి రంగు వేశారంటే బల్లకి కొత్త కాలు అతికారన్నమాట. ఆరోజు టార్చితో ఒక్క నిమిషం చూసి ఉంటే నాకు ఇదంతా కనిపించేది.

ఒకమాట చెప్పాలి. మరమ్మతు తప్పు కాదండి. వందేళ్ళ బల్ల వాడుకలో ఉందంటే ఎవరో ఒక వడ్రంగి దాన్ని కాపాడాడు. చెప్పి అమ్మితే నేను సంతోషంగా కొంటాను, ధర తగ్గించి. దాచిపెట్టడమే తప్పు.

రంపం గీతల గురించి చాలామంది పుస్తకజ్ఞానంతో చెబుతుంటారు. వంకర చాపాలు ఉంటే యంత్రపు రంపం, తిన్నటి గీతలు ఉంటే చేతి రంపం, చేతి రంపమైతే చాలా పాతది అని. మొదటిది సరే. రెండోది ప్రతిసారీ నిజం కాదు, తిన్నటి గీతలు వేసే యంత్రపు రంపాలూ ఉన్నాయి. మూడోది మన దగ్గర పనికిరాదు. దుంగని ఎత్తు మీద పెట్టి, పైన ఒకరు కింద ఒకరు నిలబడి కోసే కోత మన దేశంలో చాలా కాలం నడిచింది. చేతి కోత కనిపించినంత మాత్రాన నూరేళ్ళు ఇవ్వకండి.

ఇక మన గోదావరి వాళ్ళకి మాత్రమే పనికొచ్చే పరీక్ష, పాదాలు. మేస్త్రి గారూ, ఆ రెండో బల్ల ఇటు తిప్పండి. ఇది మా పెద్దమ్మగారి వంటింటి బల్ల. కాళ్ళు నేల నుంచి ఎనిమిదంగుళాల ఎత్తులో చూడండి, తెల్లటి గీత ఒకటి నాలుగు కాళ్ళకీ ఒకే మట్టంలో పోతోంది. ఇది 1986 వరద గీత. ఆ ఆగస్టులో ఈ ఇంట్లో నీళ్ళు ఎంత నిలిచాయో ఈ బల్ల ఇప్పటికీ చూపిస్తోంది. డెల్టా సామానుకి ఇది ఉండటం సహజం. చూడాల్సింది ఆ గీత కింద చెక్క ఎలా ఉందన్నది. బొటనవేలి గోరు గుచ్చి చూడండి. గట్టిగా ఉంటే భయం లేదు. మెత్తగా దిగిందంటే లోపల మురిగింది. రోజూ నేల కడిగే ఇళ్ళల్లో కాళ్ళ చివర్లు ఎలాగూ ముందు పోతాయి, వడ్రంగులు ఆ ముక్క కోసి కొత్త ముక్క అతుకుతారు. అతుకు ఎక్కడుందో వెతకండి. అతికించకుండా కోసి వదిలేస్తే బల్ల పొట్టిదవుతుంది. తినే బల్ల సాధారణంగా 30 అంగుళాల ఎత్తు ఉంటుంది, 27 ఉంటే ఏం పోయిందో మీకే తెలుస్తుంది.

పుచ్చు సంగతి త్వరగా చెప్తాను. బెజ్జాల లోపల నల్లగా ఉంటే పాత పుచ్చు, లేతగా ఉండి కింద పిండి రాలుతుంటే పురుగు ఇంకా బతికే ఉంది. కాలి కింద నల్ల కాగితం పెట్టి చెక్క మీద పిడికిలితో నాలుగు సార్లు కొట్టండి. టేకు చేవకి, అంటే దుంగ నడిమి గట్టి చెక్కకి, పుచ్చు అంత తేలిగ్గా పట్టదు. చేవ చుట్టూ ఉండే తెల్లచెక్కకే పడుతుంది. బల్ల అంతా పుచ్చు ఉంటే అసలు టేకేనా అని అడగాలి.

పాలిష్. పాతవాటికి ఎక్కువగా లక్క పాలిష్ ఉంటుంది. అది స్పిరిట్‌కి కరుగుతుంది. అమ్మేవాళ్ళ అనుమతి తీసుకుని, కనిపించని మూల దూదికి స్పిరిట్ తడిపి ఒకసారి రుద్దితే జిగటగా వస్తుంది. ఈమధ్య కొట్టే మెరుపు పాలిష్‌లు అలా కరగవు. అద్దంలా మెరుస్తోందని ఎక్కువ పాడకండి. చిత్రిక పట్టి పాత పైపొర లేపేసి కొత్త పాలిష్ కొట్టిన బల్ల నాకైతే సగం చచ్చినట్టే. చేతులు ఆనిన చోట నల్లబడటం, గిన్నె పెట్టిన చోట మచ్చ, ఇవన్నీ ఆ పొరలోనే ఉంటాయి, పోతే మళ్ళీ రావు.

సొరుగులున్న మేజాబల్ల అయితే ప్రతి సొరుగూ పూర్తిగా బయటికి లాగండి. సొరుగు జారే చోట అరుగుదల రెండు వైపులా ఉండాలి. అడుగున ప్లైవుడ్ ఉంటే ఆ అడుగైనా తర్వాత వేసినదే.

అద్దాలు, కుర్చీల గురించి ఒక్క మాట. పాత అద్దం ప్రతిదాన్నీ "బెల్జియం అద్దం" అంటారు, ఆ పేరుకి ధర కట్టకండి. చెక్క చట్రం వెనక ఏ మేకులున్నాయో చూడండి. వంచిన కర్రతో చేసిన కుర్చీ కనిపిస్తే సీటు కింద ముద్ర వెతకండి. థోనెట్ కంపెనీ 1859లో ఈ రకం కుర్చీని పెద్ద ఎత్తున చేయడం మొదలుపెట్టాక ప్రపంచమంతా నకళ్ళు వచ్చాయి. నకలు కూడా మంచి కుర్చీయే, ధర మాత్రం వేరు.

ఇప్పుడు డబ్బు. సుత్తి పడిన ధర, అంటే పాట ముగిసిన ధర, మీరు కట్టే ధర కాదు. దాని మీద వేలం సంస్థ కమీషన్, ఆ పైన పన్ను, తర్వాత లారీ, మేస్త్రి కూలి. లెక్క వెనక నుంచి వేయాలి. మీ దగ్గర మొత్తం 40,000 ఉందనుకోండి. రవాణాకి 5,000, మరమ్మతుకి 4,000 పక్కన పెడితే 31,000. కమీషన్ 15 శాతం అనుకుంటే, 24,000కి పాడినప్పుడు అది 27,600 అవుతుంది, పన్నుకి 3,400 మిగులుతుంది. అంటే మీ పాట 24,000 దగ్గర ఆగాలి, పన్ను ఎక్కువుంటే ఇంకా కింద. కమీషన్, పన్ను శాతాలు నిబంధనల కాగితంలో ఉంటాయి, ముందే అడిగి తీసుకోండి. "ఉన్నది ఉన్నట్టుగా" అని అందులో రాసి ఉంటే, తర్వాత లోపం బయటపడినా వాళ్ళని అడగడం చాలా కష్టం. ఆ 24,000 అంకె కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. పాట వేడెక్కితే టెన్షన్‌లో చెయ్యి దానంతటదే లేస్తుంది. పక్కన మీ ఆవిడో, మీ ఆయనో ఉంటే ఆ కాగితం వాళ్ళ చేతికివ్వండి.

చూసి నేర్చుకోవాలంటే తమిళనాడులోని కారైకుడిలో మునీశ్వరన్ కోయిల్ వీధికి వెళ్ళండి, చెట్టినాడు ఇళ్ళ సామాను అంతా అక్కడి కొట్లలో ఉంటుంది. కలకత్తా వెళ్తే రస్సెల్ స్ట్రీట్‌లో 1940 నుంచి ఉన్న రస్సెల్ ఎక్స్ఛేంజ్ వేలంశాల చూడండి. కొనకపోయినా పర్వాలేదు, వంద బల్లలు తిరగేసి చూసిన కన్ను వేరుగా ఉంటుంది.

చట్టం కూడా తెలియాలి. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన కళావస్తువుల వ్యాపారానికి లైసెన్స్ కావాలి, మామూలు మనుషులు వాటిని దేశం దాటించకూడదు. విదేశంలో ఉన్న అబ్బాయికి పంపుదామనుకుంటే ముందు పురావస్తు శాఖని అడగండి. ఇంకోటి, చేతులు జోడించి చెప్తున్నాను. గుడి వాహనం, రథం పలక, చెక్క విగ్రహం వేలంలో కనిపిస్తే అది ఎక్కడి నుంచి వచ్చిందో కాగితాలు లేకుండా ముట్టుకోకండి. ఏ ఊరి గుడి బోసిపోయిందో మనకి తెలియదు.

ఇంటికి తెచ్చాక బల్లని తడి గోడకి ఆనించకండి, కాళ్ళ కింద పలచటి రబ్బరు ముక్కలు పెట్టండి, మొదటి వర్షాకాలం అయ్యేదాకా చిత్రిక, పాలిష్ జోలికి వెళ్ళకండి. మన గాలికి చెక్క సర్దుకోనివ్వండి. ఈ గుండ్రబల్లకి తొమ్మిదంగుళాల దిమ్మ, దానికి తగ్గట్టు తరిమెన మీద గుండ్రంగా తిప్పి చెక్కిన స్తంభం మన మేస్త్రి గారు పాత టేకులో చేస్తున్నారు. కింద తేదీ చెక్కిస్తాను, రేపు దీన్ని తిరగేసేవాళ్ళకి తెలియాలి కదా. మేస్త్రి గారూ, మీరు అటు పట్టుకోండి, నెమ్మదిగా నిలబెడదాం.