బొరుగులు రాలిన సంచి

శ్రోతలకు నమస్కారం. కొండలెక్కేవాళ్ల సామాన్ల గురించి మాట్లాడమన్నారు. సమయం తక్కువ, సామాన్లేమో ఎక్కువ. బూట్లు, సంచి, గుడారం, టార్చిలైటు... అన్నీ చెప్పబోతే ఏదీ చెప్పినట్టు ఉండదు. అందుకని, నన్ను నలుగురిలో నవ్వులపాలు చేసిన ఒక్క వస్తువు గురించే చెప్తాను. జిప్పు. వీపు సంచికుండే జిప్పు.

మూడేళ్ల కిందట శివరాత్రికి మా బావమరిదితో కలిసి నిత్యపూజకోనకు పోయాను. కడప జిల్లా సిద్ధవటం వైపు, లంకమల అడవిలో ఉంది ఆ కోన. అంతరించిపోయిందనుకున్న కలివికోడి అనే పిట్ట 1986లో మళ్లీ కనబడింది ఈ లంకమల కొండల దగ్గరే. దాన్ని చూడాలని నాకు ఎప్పటినుంచో ఆశ. అదేమో రాత్రిపూట తిరిగే పిట్ట, మనకు చిక్కదు. సరే, అసలు సంగతికి వస్తాను.

రాళ్ల దారి. నా వీపున సంచి, అందులో నీళ్లు, దుప్పటి, పైన పెద్ద పొట్లం నిండా బొరుగులు. సగం దూరం పోయామో లేదో, వెనకనుంచి బావమరిది కేక. "బావా, ఆగు ఆగు! దారి పొడుగునా బొరుగులు చల్లుకుంటా పోతాండావు!" సంచి దించి చూస్తే విచిత్రం. జిప్పు వేసే ఉంది. రన్నర్, అంటే జిప్పు వేయడానికి మనం పట్టుకుని లాగే ముక్క, చివరిదాకా వచ్చి ఉంది. కానీ దాని వెనక అంతా నోరు తెరుచుకుని ఉంది. నేను ఇంకా ఆశ్చర్యపోతూనే ఉన్నాను, కోతులు మాత్రం దిగిపోయాయి. ఆ పూట మా ఫలహారం వాటి పాలు. సంచికి తువ్వాలు చుట్టి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని నడిచాను.

కడపకు వచ్చాక ఒక అంగట్లో చూపిస్తే, జిప్పు మొత్తం మార్చాలి, దానికంటే కొత్త సంచి కొనుక్కోండి అన్నారు. మనసొప్పలేదు. ఏడు రోడ్ల దగ్గర బ్యాగులు కుట్టే ఒక భాయ్ దగ్గరికి తీసుకుపోయాను. ఆయన రన్నర్‌ని రెండుసార్లు అటూ ఇటూ లాగి, "జిప్పు బాగానే ఉంది సార్, రన్నర్ అరిగింది" అన్నాడు. జిప్పు బాగానే ఉంది, రన్నర్ అరిగింది. ఈ ఒక్క మాట గుర్తుంటే ఈ పూట నా ప్రసంగం విన్నట్టే.

రన్నర్ చేసే పని ఏమిటంటే, రెండు వైపుల పళ్లనూ నొక్కి ఒకదానిలో ఒకటి ఇరికించడం. మన దుమ్ము సంగతి మీకు తెలుసు కదా. ఆ దుమ్ము పళ్ల మధ్య చేరి, లాగినప్పుడల్లా ఆకురాయిలాగా రన్నర్ లోపలి భాగాన్ని అరగదీస్తుంది. సందు పెద్దదవుతుంది, నొక్కుడు తగ్గుతుంది. పళ్లు కలిసినట్టే కలిసి విడిపోతాయి.

భాయ్ ఏం చేశాడంటే, కటింగ్ ప్లయర్‌తో రన్నర్ వెనక అంచును నొక్కాడు. వెనక అంచు అంటే జిప్పు వేసేటప్పుడు కలిసిన పళ్లు బయటికి వచ్చే వైపు. కుడి పక్క కొంచెం, ఎడమ పక్క కొంచెం. లాగి చూశాడు, మళ్లీ కొంచెం. గట్టిగా నొక్కితే పుటుక్కున విరుగుతుందట, పోతపోసిన లోహం కాబట్టి. జిప్పు పట్టుకుంది! అయితే ఇది దారిలో గట్టెక్కడానికే, కొన్నాళ్లకు రన్నర్ మార్చక తప్పదు అని ఆయనే చెప్పి, అప్పుడే కొత్తది ఎక్కించాడు. 30 రూపాయలు తీసుకున్నాడు. కొత్త సంచికి నేను ఎంత పెట్టబోయానో మా ఇంట్లో వినే ప్రమాదం ఉంది కాబట్టి చెప్పను.

రన్నర్‌ని తిరగేసి చూడండి, చాలావాటికి 5, 8, 10 లాంటి అంకె ఉంటుంది. అది జిప్పు సైజు. పళ్లు మూసినప్పుడు వాటి వెడల్పు సుమారుగా అన్ని మిల్లీమీటర్లు. రన్నర్ కొనేటప్పుడు ఆ అంకె చెప్పండి, ఇంకా మంచిది పాతదాన్నే చూపించండి. కొత్త సంచి కొనేటప్పుడు కూడా ఇదే చూస్తాను నేను. పెద్ద అరకు 8 గానీ 10 గానీ ఉంటే నాకు ధైర్యం. ఖాళీ సంచి భుజాన వేసుకుని అద్దంలో చూసుకోవడం కాదు, అంగడాయన్ను అడిగి లోపల బరువు పెట్టించుకుని నడవండి. నడుము పట్టీ తుంటి ఎముకల మీద కూర్చోవాలి, బరువులో ఎక్కువ భాగం అక్కడే దిగాలి.

బూట్ల గురించి ఒక్క మాట. ఏళ్ల తరబడి అటక మీద పెట్టి, ఒకరోజు తీసి నేరుగా కొండెక్కకండి. వాడకపోయినా కొన్ని రకాల సోలు లోపలి నురగ గాలిలో తేమకు, వేడికి చివికి పొడి అవుతుంది. ముందు వారం ఊళ్లోనే నడిచి చూడండి.

మళ్లీ జిప్పు దగ్గరికే వస్తాను. అడవినుంచి రాగానే పాత టూత్‌బ్రష్‌తో పళ్ల మధ్య దుమ్ము దులపండి. తర్వాత కొవ్వొత్తి ముక్కతో పళ్ల మీద తేలిగ్గా రుద్ది, రన్నర్‌ని నాలుగుసార్లు ఆడించండి. నూనె మాత్రం వద్దు, ఇంకా దుమ్ము పట్టిస్తుంది. నా సంచి పక్క జేబులో ఇప్పుడు అదే సైజు రన్నర్ ఒకటి, నాలుగు పిన్నీసులు ఎప్పుడూ ఉంటాయి. బొరుగులు మాత్రం మూత డబ్బాలో, మా బావమరిది సంచిలో. నమస్కారం.