చర్చా కార్యక్రమం: క్యాన్సర్‌ను నిర్మూలించాలా, అదుపులో ఉంచాలా?

వ్యాఖ్యాత: నమస్కారం. ముదిరిన క్యాన్సర్‌లో కణితి మిగిలి ఉండగానే మందు ఆపే పద్ధతిపై వైద్యుల్లో వివాదం సాగుతోంది. ముగ్గురికీ సమాన సమయం ఇస్తాను. ఇది ఓటమిని ఒప్పుకోవడం కాదా?

పరిశోధకురాలు: కాదండీ. గరిష్ఠ మోతాదును ఆపకుండా ఇస్తే మందుకు లొంగే కణాలు చచ్చిపోయి, లొంగని కణాలకు పోటీ లేకుండా పోతుంది. అమెరికాలోని మాఫిట్ క్యాన్సర్ కేంద్రంలో రాబర్ట్ గేటెన్‌బీ బృందం, వ్యాపించిన ప్రొస్టేట్ క్యాన్సర్‌లో పీఎస్ఏ, అంటే కణితి తీవ్రతను సూచించే రక్తపరీక్ష విలువ, సగానికి తగ్గగానే అబిరాటెరోన్ అనే మందును ఆపి, అది మొదటి స్థాయికి చేరాక మళ్లీ ఇచ్చింది. 2017లో ప్రచురించిన ఫలితాల్లో మందు వాడకం సగానికన్నా...

ఆంకాలజిస్టు: ఎంతమందిలోనండీ? 11 మందిలో! యాదృచ్ఛికంగా విభజించిన పోలిక బృందమే లేదు. సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు వచ్చాక వ్యాపించిన వృషణ క్యాన్సర్ సైతం ఎక్కువమందిలో నయమవుతోందంటే, అది నిర్మూలించాలన్న పట్టుదల వల్లే.

పరిశోధకురాలు: నయమయ్యే క్యాన్సర్ల గురించి నేను మాట్లాడటం లేదు.

ఆంకాలజిస్టు: నన్ను పూర్తిచేయనివ్వండి. 11 మందిని చూసి...

వ్యాఖ్యాత: అంటే ఓటమేనంటారు. మేడమ్, మీరు?

ఉపశమన వైద్యురాలు: కణితి కొలత 30 శాతం తగ్గితే పాక్షిక స్పందన అని రాస్తాం, రోగికి నొప్పి తగ్గిందా, ఆకలి వేస్తోందా అన్నదానికి ఆ లెక్కలో చోటు లేదు. వ్యాపించిన ఊపిరితిత్తుల క్యాన్సర్‌పై 2010లో వెలువడిన అధ్యయనంలో, మొదటినుంచే ఉపశమన సేవ, అంటే నొప్పిని, బాధలను తగ్గించే వైద్యం, అందినవారి మధ్యస్థ జీవితకాలం 11.6 నెలలు, అందనివారిది 8.9.

ఆంకాలజిస్టు: వాళ్లకు క్యాన్సర్ చికిత్స కూడా అందింది కదా!

ఉపశమన వైద్యురాలు: రెండూ కలిసి సాగాలనే నేనూ...

పరిశోధకురాలు: ప్రోమైలోసైటిక్ లుకేమియా అనే రక్త క్యాన్సర్‌నే తీసుకోండి. దానికిచ్చే ట్రెటినాయిన్ అనే మందు ఆ కణాలను నేరుగా చంపదు, పరిపక్వం చెందిస్తుంది. ఆర్సెనిక్ తోడయ్యాక...

వ్యాఖ్యాత: ఆర్సెనిక్ అంటే పాషాణమేనా? ప్రేక్షకులకు ఇది ఆసక్తికరం. దాన్ని మందుగా ఎలా ఇస్తారు?

పరిశోధకురాలు: నరం ద్వారా, ఈసీజీ గమనిస్తూ ఇస్తారు. నేను చెప్పదలచింది వేరు.

ఆంకాలజిస్టు: నేను చెబుతాను. ట్రెటినాయిన్ ఒక్కటే ఇస్తే వ్యాధి తిరగబెట్టేది. అక్కడా చివరికి కావలసింది నిర్మూలనే. ఇందాకటినుంచీ ఇదే చెబుతున్నాను.

వ్యాఖ్యాత: సమయం మించిపోయింది. ఓటమిని ఒప్పుకోకూడదన్న డాక్టర్ గారి మాటతో...

ఉపశమన వైద్యురాలు: ఆ మాటతో నేను ఏకీభవించలేదండీ.

ఆంకాలజిస్టు: ఒక్క నిమిషం ఇవ్వండి, ఆ 11 మంది సంగతి...

వ్యాఖ్యాత: చెప్పండి, డాక్టర్ గారూ.